సేనను విడిచిన ప్రభువు

క్రీస్తు శకం 260లో పోస్తుముస్ అనే సేనాని గాల్ దేశాన్ని రోమన్ సామ్రాజ్యం నుండి విడదీసి వేరు రాజ్యం స్థాపించినాడు. 274లో ఆ రాజ్యపు కడపటి ప్రభువు టెట్రికుస్, నేటి ఫ్రాన్సులోని షాలోన్ సమీపాన, కటలౌన మైదానంలో ఔరేలియన్ చక్రవర్తిని ఎదిరించినాడు. ఎదిరించినాడనడం ఉచితమో కాదో! అతడు ముందుగానే చక్రవర్తికి రహస్యంగా లేఖ వ్రాసి, అందులో వర్జిల్ కావ్యపంక్తి నొకదానిని ఉదాహరించి, తన్ను కాపాడుమని వేడుకొన్నాడనీ, యుద్ధసమయాన శత్రుపక్షంలో చేరిపోయినాడనీ రోమన్ చరిత్రకారులు వ్రాసినారు. నాయకుడు లేని సేన మాత్రం పోరాడింది, హతమైంది.

లొంగిపోవడం పాపం కాదు. సోదరయుద్ధంలో ఒక ప్రభువు లొంగుబాటు వల్ల రక్తపాతం ఆగితే అతనికి నమస్కరింపవలసిందే. కాని టెట్రికుస్ కత్తిని దించలేదు. కత్తులు పట్టినవారిని బారులు తీర్చి నిలిపి, తాను తప్పుకొన్నాడు.

అతని భయానికి కారణం లేకపోలేదు. మైన్జ్ నగరాన్ని దోచుకోనివ్వనందుకు పోస్తుముస్‌ను 269లో అతని సైనికులే చంపినారు. ఆ తరువాతి ప్రభువులకూ అదే గతి పట్టింది. సంధి అన్న మాట పైకి పలికితే తన తల నిలువదని టెట్రికుస్ తలచి ఉండవచ్చు. దీనివల్ల అతని భయం మనకు బోధపడుతుంది. అంతమంది ప్రాణాలను దానికి వెలగా చెల్లించే అధికారం ఎక్కడిదో బోధపడదు. మన దుర్యోధనుడు సైతం మడుగులో దాగినాడు. ఇందరిని చంపించి నీవు ప్రాణం దాచుకొంటావా అని ధర్మరాజు అడిగినప్పుడు, ఆ ప్రశ్నకు సిగ్గుపడి వెలికి వచ్చినాడు.

టెట్రికుస్‌ను అలా అడిగినవారు లేరు. ఔరేలియన్ అతనిని తన విజయోత్సవంలో నడిపించి, ఆ పిమ్మట దక్షిణ ఇటలీలో లుకానియాకు పాలకునిగా నియమించినాడు. ఈ రహస్యలేఖ వృత్తాంతం జేత కల్పించిందేనని నేటి చరిత్రకారులు కొందరు తలుస్తారు. అది నిజమైతే టెట్రికుస్ దోషం తగ్గుతుంది గాని చక్రవర్తి దోషం పెరుగుతుంది. వృత్తాంతమే నిజమైతే మాత్రం అతడు నిర్దోషి అవుతాడా? ప్రభువు తన చేతికి చిక్కిన పిదప కూడా ఆ సేనపై దాడి ఆపనివాడు అతడే గదా.

ఔరేలియన్ నాణెములపై జగత్పునరుద్ధారకుడన్న బిరుదు వెలసింది. గాల్ ప్రజల జ్ఞాపకం వేరు. ఇరువదిమూడేండ్ల తరువాత, 297లో, ఆ దేశపు వక్త ఒకడు మరొక పాలకుని పొగడుతూ, గత దుఃఖాల నడుమ కటలౌన విపత్తును కూడా పేర్కొన్నాడు.