ఒక్క ఏడాది, మూడు యుగాలు

1991 జులై 18న తెలుగువాళ్లకు ఒక కాలయంత్రం దక్కింది. అంతకుముందు మన తెర మీద ఎవరైనా కాలం దాటాలంటే మునీశ్వరుడి వరమో, పూర్వజన్మ వాసనో కావాలి. 'ఆదిత్య 369' వచ్చాక తెలుగులో కసురుకునే ఒక ప్రొఫెసరు, ఆయన ఇంట్లో తయారైన ఒక యంత్రం ఉంటే చాలని తేలిపోయింది. ఆ ఏడాదిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. మన భాషలో సైన్స్ ఫిక్షన్‌కు ఒక పుట్టినరోజు పెట్టుకోవాలంటే నేను ఆ తారీఖే పెడతాను.

మా జహనుమా వాళ్లకు ఈ సినిమా మీద ఇంకాస్త ఎక్కువ చనువుంది. కథ మా దారిలోనే మొదలవుతుంది మరి. శంషేర్‌గంజ్, అలియాబాద్, శాలిబండ దాటి, చార్మినార్ కింది జనంలోంచి బయటపడి, పత్తర్‌గట్టీ మీదుగా మూసీ వైపు వెళ్తే సాలార్‌జంగ్ మ్యూజియం వస్తుంది. బడి పిల్లలతో విహారానికి వచ్చిన కిశోర్ అనే కుర్రాడు ఆ మ్యూజియంలోనే చిక్కుకుపోతాడు. శ్రీకృష్ణదేవరాయల కాలంనాటి వజ్రాన్ని దొంగలు ఎత్తుకెళ్లి, దాని స్థానంలో నకిలీని పెట్టడం చూస్తాడు. చెబితే ఎవరూ నమ్మరు. కిశోర్‌గా వేసిన బాలనటుడు తరుణ్ ముఖంలో భయమూ పట్టుదలా కలిసి కనిపించే ఆ ఘట్టం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. టీవీలో ఈ సినిమా వచ్చిన ప్రతిసారీ మా ఇంట్లో అక్కడ మాటలు ఆగిపోతాయి.

వజ్రానికి ఆ చోటును ఎంచుకోవడంలోనే ఒక గొప్ప ఊహ ఉంది. హెచ్.జి. వెల్స్ 1895లో కాలయంత్రం నవల రాశాడు. ఆయన కథానాయకుడు ముందుకే పోతాడు, ఏకంగా 8,02,701వ సంవత్సరానికి. అక్కడ అతనికి పాడుబడ్డ ఒక మ్యూజియం కనిపిస్తుంది, అందులో బూజు పట్టిన పుస్తకాలు, పనికిరాని యంత్రాలు. సింగీతం శ్రీనివాసరావు ఆ నవల స్ఫూర్తితోనే కథ అల్లారు గానీ, యంత్రాన్ని ముందు వెనక్కి తిప్పారు. ఆయన మ్యూజియం కూడా పాడుబడింది కాదు, రోజూ జనం క్యూ కట్టేది. గంట గంటకూ గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొడుతుంటే చూడటానికి పిల్లాజెల్లా గుమిగూడేది అక్కడే. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా కూడబెట్టిన వస్తువులతో 1951లో దివాన్ దేవిడీలో తెరుచుకుని, 1968లో ఇప్పటి భవనానికి మారిన సంగ్రహాలయం అది. నన్నడిగితే మ్యూజియం కూడా కాలయంత్రమే, మీటలు లేవంతే.

యంత్రం ఎక్కింది ఎవరు? బాలకృష్ణ వేసిన కృష్ణకుమార్, మోహిని వేసిన ప్రొఫెసర్ కూతురు హేమ, వాళ్లతోపాటు పొరపాటున ఇరుక్కున్న పోలీసు సుత్తివేలు. దిగింది 1526లో, విజయనగరంలో. సింహాసనం మీద మళ్లీ బాలకృష్ణే, ఈసారి రాయలవారిగా. పక్కన తెనాలి రామకృష్ణుడిగా చంద్రమోహన్. ఇంగ్లిషు సినిమాలో కాలం దాటినవాడు పాత రాజును చూసి ఏమనుకుంటాడో నాకు తెలియదు. మనవాళ్లు మాత్రం రాయల సభకు పరాయి దేశం వచ్చినట్టు రాలేదు, పుట్టింటికి వచ్చినట్టు వచ్చారు. అయిదు శతాబ్దాల దూరంలో ఉన్న రాజుతో పెద్ద తంటా లేకుండా మాట్లాడగలిగే భాష మనకు ఉందన్న సంతోషం ఆ ఘట్టాల్లో పొంగుతుంది. ఆముక్తమాల్యద రాసిన రాజు ఎదుట జంధ్యాల సంభాషణలు తడబడకుండా నిలిచాయంటే అది చిన్న విజయం కాదు.

ఆ 1526 గురించి ఒక మాట చెప్పుకోవాలి. రాయలు కన్నుమూయడానికి ఇంకా మూడేళ్లు ఉంది. ఆయన నగరాన్ని కొద్ది ఏళ్ల ముందే కళ్లారా చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ దాన్ని రోముతో పోల్చాడు, బజారులో దొరికే వజ్రాలను, కెంపులను వర్ణించాడు. అదే 1526లో ఉత్తరాన పానిపట్టు యుద్ధం జరిగింది. ఆ తర్వాత ఆగ్రాలో హుమాయూన్ చేతికి ఒక పెద్ద వజ్రం వచ్చిందని బాబరు తన ఆత్మకథలో రాసుకున్నాడు, దాని బరువు సుమారు 8 మిస్కాలులని కూడా. ఒక వజ్రం కోసం తిరిగే కథ ఆ ఏడాదిలోకే దిగడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

సింగీతంవారికి ఈ విద్య ఎక్కడ అబ్బిందో వెతికితే 1957 'మాయాబజార్' దగ్గర తేలుతాం. కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా ఆయన పనిచేసిన సినిమా అది. అందులో ఒక పెట్టె ఉంది, ప్రియదర్శిని. మూత తెరిచి చూస్తే మనసుకు నచ్చినవాళ్లు కనబడతారు. దేశంలో టెలివిజన్ ప్రసారం మొదలైంది 1959లో, ఢిల్లీలో. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వచ్చింది 1977లో. మరి మన తెర మీద, దూరాన ఉన్న మనిషిని పెట్టెలో చూపించిన వాళ్లు అంతకు ముందే ఉన్నారు! పురాణాన్ని అలా నడిపించే గురువు దగ్గర చేయి తిరిగిన శిష్యుడు విజ్ఞానాన్ని కూడా పురాణమంత ఆత్మీయంగా నడిపించాడు. అందుకే ఆ యంత్రం అరువు తెచ్చుకున్నట్టు అనిపించదు, ఇంట్లో పుట్టినట్టే ఉంటుంది.

ఈ కథను నమ్మిన మొదటి మనిషి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం. విమాన ప్రయాణంలో సింగీతం నోట విని, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్‌కు చెప్పి, తానే సమర్పకుడిగా నిలబడ్డారు. పాట పాడే మనిషి ఇంత పెద్ద సాహసానికి పూచీ పడటం చూస్తే ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది. కెమెరా పని ముగ్గురి చేతుల మీదుగా నడిచింది. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్. వర్తమానం, గతం, భవిష్యత్తు మూడూ ఒకే సినిమాలో వేరువేరు వెలుగుల్లో కనబడటానికి ఆ మూడు చేతులే కారణమని నేను నమ్ముతాను. సంగీతం ఇళయరాజా. ఖర్చు కోటిన్నర రూపాయలకు కాస్త అటూ ఇటూ. సరిగ్గా పదిహేను రోజుల ముందు, అదే జులై 3న, అమెరికాలో 'టెర్మినేటర్ 2' విడుదలైంది. అందులోనూ కాలప్రయాణమే, బడ్జెట్ దాదాపు 10 కోట్ల డాలర్లు. అక్కడ కంప్యూటర్లు ద్రవలోహంతో మనిషిని పోత పోశాయి. ఇక్కడ సెట్టు, వెలుగు, నటుల కళ్లు కలిసి అదే పని చేశాయి. రెండూ నాకు ఇష్టమే, కానీ కళ్లు చెమర్చేది మాత్రం ఇక్కడే.

తర్వాత యంత్రం 2504లోకి దూకుతుంది. మూడో ప్రపంచయుద్ధం అయిపోయింది. నేల పైన రేడియేషన్, మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. పిల్లల కోసం తీసిన సినిమాలో ఇంత కఠినమైన భవిష్యత్తును చూపించడానికి ధైర్యం కావాలి. రాయల సభ వైభవం కళ్లలో ఇంకా మెరుస్తుండగానే ఆ చీకటిలోకి దింపి, ఒక్క ఉపన్యాసం కూడా చెప్పకుండా ఊరుకున్నారు. పోల్చుకునే పని మనకే వదిలేశారు.

ఆ ఏడాదే అంత! జూన్ 21న తెలంగాణ మనిషి పి.వి. నరసింహారావు ప్రధానమంత్రి అయ్యారు. 'ఆదిత్య 369' విడుదలైన ఆరో రోజున, జులై 24న, మన్మోహన్ సింగ్ బడ్జెట్ దేశం తలుపులు తెరిచింది. హాంకాంగ్ నుంచి స్టార్ టీవీ ఉపగ్రహ ప్రసారాలు మొదలుపెట్టింది. అక్టోబర్ 24న 'స్టార్ ట్రెక్' సృష్టికర్త జీన్ రాడెన్‌బెర్రీ కన్నుమూశారు. ఆ ధారావాహికకు అప్పుడు 25 ఏళ్లు. భవిష్యత్తును ఇంటింటికీ మోసుకొచ్చిన ఒక పెద్దాయన వెళ్లిపోయిన ఏడాదే మన పిల్లలకు సొంత కాలయంత్రం వచ్చింది. ఆ పిల్లలను హాలుకు రప్పించడానికి చిరంజీవి టీవీ ప్రకటనలో కనిపించి, పోటీ హీరో సినిమాను చూడమని చెప్పారు. ఇది కూడా ఆ ఏడాది అద్భుతాల్లో ఒకటిగానే నేను లెక్కేస్తాను.

సినిమా ఊహించింది ఆ తర్వాత పాతబస్తీలో నిజంగా కూడా జరిగింది, రెండు రకాలుగా. 1995లో కేంద్ర ప్రభుత్వం నిజాం నగలను 218 కోట్ల రూపాయలకు కొన్నది. వాటిలో 184.75 క్యారెట్ల జేకబ్ వజ్రం ఉంది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ దాన్ని తండ్రి చెప్పు కొనలో చూశాడని, కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడని చెబుతారు. 2001లో ఆ నగలు ప్రదర్శనకు వచ్చింది సాలార్‌జంగ్ మ్యూజియానికే. కథలోని వజ్రం పోయిన పదేళ్లకు నిజమైన వజ్రం అదే కప్పు కిందికి చేరింది. ఇక 2018 సెప్టెంబర్‌లో, అక్కడికి దగ్గర్లోని పురానీ హవేలీ నిజాం మ్యూజియంలో దొంగలు వెంటిలేటర్ గుండా దిగి, వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా ఎత్తుకెళ్లారు. కొద్ది రోజుల్లోనే పోలీసులు పట్టుకుని అన్నీ తిరిగి తెచ్చారు. ఆ వార్త చదివిన పాతబస్తీ వాళ్లలో కిశోర్‌ను తలుచుకోని వారుంటారని నేననుకోను.

2025 ఏప్రిల్ 4న 'ఆదిత్య 369' 4కె రూపంలో మళ్లీ థియేటర్లలోకి వచ్చింది. మొదటి విడుదలనాటి పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులు. మీ ఇంట్లో ఇంకా చూడని పిల్లలుంటే ముందు సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లండి, ఆ తర్వాతే సినిమా పెట్టండి. వెళ్లేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి, మ్యూజియానికి శుక్రవారం సెలవు.