గూడబాతు సంచి

యానానికి దిగువన, గౌతమి సముద్రంలో కలిసేచోట, మడచెట్ల కింద పీతలు కాపురముండేవి. రాలిన ఆకులు తినేవి, బురదలో బొరియలు తవ్వుకునేవి. ఆ బొరియల్లోంచే చెట్ల వేళ్లకు గాలి అందేది. అప్పు లేదు, మిగులూ లేదు.

ఒకనాడు సముద్రం అవతలినుంచి గూడబాతు వచ్చింది. ముక్కు కింద సంచి, సంచినిండా నెత్తళ్లు. "ఇక్కడ చెరువు తవ్వాలి. రోజుకి తలా నాలుగు నెత్తళ్లు" అంది. పొడుగుముక్కు పక్షి పీతల దగ్గరికొస్తే ఏమవుతుందో మీకు చిన్నప్పుడే చెప్పి ఉంటారు. ఇది ఆ కథ కాదు. ఈ గూడబాతు ఒక్క పీతనూ తినలేదు, ఒక్కరోజు కూలీ ఎగ్గొట్టలేదు.

అడవంతా పనిలోకి దిగింది. "తవ్వడం అయ్యాక మనలో ఎందరికి పనుంటుంది?" అని ముసలి పీత అడిగితే, "కడుపునిండా తింటుంటే ఈ లెక్కలెందుకు తాతా" అని నవ్వాయి.

చెరువు నిండింది. ఇక కావలసింది తూము దగ్గర ఇద్దరే, అదీ ఆటుపోట్ల లెక్క తెలిసినవాళ్లు. పీతలకు ఆ లెక్క రాదు. గూడబాతు తన చుట్టాలను పిలిపించుకుంది. పీతలు ఇంటిదారి పడితే ఇళ్లు లేవు. తవ్విన మట్టంతా తమ బొరియల మీదే పోసుకున్నాయి మరి.

రెండో చెరువుకి గూడబాతు అవతలి లంకకు వెళ్లింది. "ముందు మా పిల్లలకు ఆటుపోట్ల లెక్క నేర్పు. మట్టి మా బొరియల మీద పోయొద్దు. అప్పుడు తవ్వుతాం" అన్నాయి అక్కడి పీతలు. గూడబాతు రెక్కలు దులిపి, వేరే లంక చూసుకుంటానని ఎగిరిపోయింది. అలాంటి నేల, అలా తవ్వేవాళ్లు ఇంకెక్కడా దొరక్క తిరిగొచ్చి ఒప్పుకుంది.

నీతి: పరదేశి సొమ్ముతో బేరమాడాల్సింది గునపం దిగకముందే.

ఇక కథ బయటికొస్తే, యానాం పక్కనే, తాళ్లరేవు మండలం గాడిమొగలో రిలయన్స్ గ్యాస్ టెర్మినల్ ఉంది. సముద్రంలోని కేజీ-డి6 క్షేత్రం నుంచి దానికి గ్యాస్ రావడం 2009 ఏప్రిల్‌లో మొదలైంది. ఇలాంటివి కట్టేటప్పుడు తాపీవాళ్లు, వెల్డర్లు, కూలీలు గుంపులుగా కావాలి. నడిపేటప్పుడు కంట్రోల్ రూములో కొద్దిమంది చాలు. 2011లో బ్రిటన్‌కు చెందిన చమురు సంస్థ బీపీ, రిలయన్స్ నుంచి 720 కోట్ల డాలర్లకు ఈ క్షేత్రంతోపాటు మరికొన్ని బ్లాకుల్లో 30 శాతం వాటా కొంది. వాటా చేతులు మారినంత మాత్రాన కొలువులు పుట్టవు. పెట్టుబడి అంకె చూసి ఉద్యోగాలు లెక్కపెట్టేవాళ్లు పప్పులో కాలేసేది ఇక్కడే. తర్వాత రెండు సంస్థలూ కలిసి లోతు సముద్రంలో కొత్త క్షేత్రాలు తెరిచిన మాట నిజమే. అయితే ఆ పనికి వల విసిరిన అనుభవం చాలదు, ఏళ్ల శిక్షణ కావాలి.

2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం పెద్ద ప్రాజెక్టుల్లో చాలావాటికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. మీ ఊళ్లో ఆ సభకు టెంటు వేసిన రోజున వెళ్లండి. కట్టాక ఎందరు మిగులుతారు, మా పిల్లలకు ఏం నేర్పుతారు, మా వేట ఏమవుతుంది అని అడగండి. సభ చివర్లో ఆనాటి అభ్యంతరాలను తెలుగులో చదివి వినిపించాలి. మీ ప్రశ్న అందులో వినబడేదాకా కుర్చీ వదలకండి.