పక్కింటివాళ్లకు ఏం కావాలి?

కంఠతా వచ్చిన వాక్యాలను బట్టి విశ్వాసి ఎదుగుదలను కొలుస్తుంటాం. యాకోబు పత్రిక మూడో అధ్యాయం మాత్రం పైనుంచి వచ్చే జ్ఞానానికి సమాధానం, మృదుత్వం, కనికరం గుర్తులంటుంది.

అలాంటి కనికరానికి ముంబైలో ఒక ఉదాహరణ ఉంది. అక్కడ తెలుగు కూలీలైన కామాఠీల పేరు మోస్తున్న కామాఠీపురాకు ఆనుకునే నాగ్‌పాడా ఉంది. అమెరికన్ మరాఠీ మిషన్‌కు చెందిన క్లిఫర్డ్ మాన్‌షార్ట్ 1920ల్లో నాగ్‌పాడాలో నైబర్‌హుడ్ హౌస్ అనే సేవాకేంద్రం తెరిచాడు. హిందువులు, ముస్లింలు, యూదులు, క్రైస్తవులు మసలే పేట అది. మతం మార్చడం మీద కాదు, పొరుగువాళ్ల అవసరాల మీద దృష్టి పెట్టాడాయన. మిషనరీకి అదేమీ తేలికైన నిర్ణయం కాదు! దయకు శిక్షణా తోడవ్వాలనుకున్నాడు. 1936లో టాటా ట్రస్టు అండతో సామాజిక సేవ నేర్పే విద్యాలయం ఆ నాగ్‌పాడాలోనే మొదలైంది. ఇప్పటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అదే.