గీత దగ్గర పడ్డ బంతి

2009 అక్టోబర్ 9న న్యూయార్క్‌లో యాంకీస్, మిన్నెసోటా ట్విన్స్ జట్ల బేస్‌బాల్ ప్లేఆఫ్ మ్యాచ్ 11వ ఇన్నింగ్స్‌కు చేరింది. ట్విన్స్ ఆటగాడు జో మావర్ కొట్టిన బంతి ఎడమ గీత వైపు వెళ్లి, ఫీల్డర్ గ్లవ్‌కు రాసుకుని, గీతకు లోపలే నేలను తాకి ప్రేక్షకుల్లోకి ఎగిరింది. రెండు బేస్‌లు దక్కాల్సిన దెబ్బ అది. దగ్గర్లోనే నిలబడ్డ అంపైర్ ఫిల్ కజీ ‘ఫౌల్’ అన్నాడు. బంతి లోపల పడిందని టీవీ రీప్లేలో స్పష్టంగా కనిపించింది. ఆట మాత్రం అంపైర్ మాట ప్రకారమే సాగింది. ఆ ఇన్నింగ్స్‌లోనే యాంకీస్ 4-3తో గెలిచింది.

ఇంతకీ ఆ బంతి ఫౌలా, కాదా?

క్రికెట్‌కు అలవాటుపడ్డ కళ్లకు ఈ తగాదా వింతగా ఉంటుంది. అక్కడ బంతిని వెనక్కి కొట్టినా పరుగు వస్తుంది. బేస్‌బాల్‌లో బ్యాటర్ నిలబడే చోటైన హోమ్ ప్లేట్ నుంచి లంబకోణంలో రెండు తెల్ల గీతలు బయల్దేరతాయి. ఒకటి 90 అడుగుల దూరంలోని మొదటి బేస్ పక్కగా, రెండోది మూడో బేస్ పక్కగా మైదానం చివరిదాకా పోతాయి. మధ్యలో పడితే ఫెయిర్, బయట పడితే ఫౌల్. గీత మీద పడితే ఫెయిరే. ఫీల్డర్ ఎక్కడ నిలబడ్డాడన్నది లెక్కలోకి రాదు, చూడాల్సింది బంతినే. నేల మీద దొర్లే బంతి సంగతి ఇంకా ఆసక్తికరం. గీత దాటి బయటికి పోయినా, బేస్ దాటకముందే, దేనికీ తగలకుండా, మళ్లీ లోపలికి వచ్చి ఆగితే అది ఫెయిర్. దొర్లుతున్నంతసేపూ దానికి ఏ పేరూ లేదు.

1981 మే 27న సియాటిల్‌లో అలాంటి బంతే ఒకటి మూడో బేస్ గీత వెంట నింపాదిగా దొర్లింది. కొట్టింది కాన్సస్ సిటీ ఆటగాడు ఏమస్ ఓటిస్. సియాటిల్ ఫీల్డర్ లెనీ రాండల్ చేతులు, మోకాళ్ల మీద వంగి, బంతికి ముఖం ఆనించినంత పని చేసి ఉఫ్ఫుమని ఊదాడు. బంతి గీత దాటింది. అంపైర్ ల్యారీ మెకాయ్ ముందు ఫౌల్ అన్నాడు, ఎదుటి జట్టు అభ్యంతరం చెప్పాక ఫెయిర్‌గా మార్చాడు. తాను ఊదలేదనీ, బయటికి పొమ్మని బంతిని బతిమాలానంతేననీ రాండల్ వాదించాడు. కంటికి కనిపించినంతవరకు బంతి బయటే ఉంది. అక్కడికి ఎలా చేరిందన్నదే తీర్పును మార్చింది.

గీతల అర్థం కూడా శాశ్వతం కాదు. 1876లో నేషనల్ లీగ్ మొదలైన ఏడాది రాస్ బార్న్స్ .429 బ్యాటింగ్ సగటుతో అందరికంటే ముందు నిలిచాడు. బంతి లోపల ఒకసారి నేలను తాకి, గిర్రున తిరిగి బయటికి పారిపోయేలా కొట్టడంలో అతను దిట్ట. అప్పటి నియమం ప్రకారం మొదట తాకిన చోటే లెక్క. 1877లో నియమం మారింది. అదే దెబ్బ, అదే నేల, ఇప్పుడు ఫౌల్.

నాయుడుపేట వాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. స్వర్ణముఖి ఒడ్డునున్న ఆ ఊరు 2022 ఏప్రిల్ 3 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది, మర్నాటి నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఊరు అంగుళం కదల్లేదు, చెన్నై రైళ్లు అదే పట్టాల మీద పోతున్నాయి. అలాగని ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పడానికి వీల్లేదు. గీత గీయడం మనుషుల పని. గీశాక ఏది ఎటువైపు ఉందన్నది ఎవరి ఇష్టం మీదా ఆధారపడదు.

గీత గీయడాన్నీ, ఏది ఎటువైపు ఉందో తేల్చడాన్నీ కలిపేస్తేనే చిక్కు. ప్రాచీన తత్వవేత్తలైన మీమాంసకుల దృష్టిలో ధర్మం కంటికి కనిపించే వస్తువు కాదు, విధివాక్యం వల్లే తెలుస్తుంది. ఫౌల్ అంటే ఏమిటన్నది అలాంటిదే, నియమాన్ని అడగాలి తప్ప నేలను ఎంత తవ్వినా దొరకదు. కుమారిలభట్టు సంప్రదాయం ఇంకో మాట కూడా అంటుంది: పుట్టిన జ్ఞానం దానంతటదే ప్రమాణం, దాన్ని కొట్టిపారేసే బాధకం ఎదురయ్యేదాకా దాన్ని నమ్మాల్సిందే. అంపైర్ కేకకు ఆటలో ఉన్న బలం అదే. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఇక్కడ ఒప్పుకోరు. జ్ఞానం నిజమో కాదో బయటి ఆధారంతో తేలాలంటారు. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో ముత్యపుచిప్పను చూసి వెండి అనుకోవడం భ్రమకు ఉదాహరణ. ఎంత గట్టిగా అనుకున్నా చిప్ప వెండి కాదు. కజీ ఎంత గట్టిగా కేకవేసినా మావర్ బంతి బయట పడలేదు. ఆ రాత్రి ఆటకు కావలసిన ముగింపు దొరికింది, నిజం దొరకలేదు. ఈ విషయంలో న్యాయం నైయాయికుల పక్షానే ఉంది.

2009లో రీప్లే హోమ్‌రన్‌ల వరకే పరిమితం కావడంతో కజీ తీర్పును సరిదిద్దే దారి లేకపోయింది. 2014లో మైదానం దూరభాగమైన ఔట్‌ఫీల్డ్‌లో పడే ఫెయిర్, ఫౌల్ బంతులకూ సమీక్ష వచ్చింది. మొదటి, మూడో బేస్ అంపైర్ల కంటే ముందు పడే బంతులను మాత్రం అందులో చేర్చలేదు. ఫౌల్ అన్న కేక వినపడగానే పరుగెత్తేవాళ్లు, ఫీల్డర్లు అందరూ ఆగిపోతారు. ఔట్‌ఫీల్డ్ తీర్పు తిరగబడ్డప్పుడు కూడా, ఆగకుండా ఉంటే ఎవరు ఏ బేస్‌దాకా చేరేవారో కెమెరాలో ఉండదు. దాన్ని మళ్లీ అంపైర్లే ఊహించి, ఆటగాళ్లను ఆయా బేస్‌ల మీద నిలబెడతారు.