పాతరమ్మ కుంచం

మా నాయనమ్మకు తన అత్తగారి అత్తగారి పేరు తెలుసు. ఆపైన ఎవరి పేర్లూ తెలియవు. కానీ ఆపై తరాల్లో ఒకామె సంగతి మాత్రం నిన్నో మొన్నో చూసొచ్చినట్టు చెప్పేది. ఆమె 'పాతరమ్మ'. అది పేరు కాదు, నందన కరువులో జొన్నపాతర తీసి ఊరికి పెట్టిన ఇల్లాలికి ఇంటివాళ్ళు ఇచ్చుకున్న గుర్తు. కృష్ణకు అవతల నైజాము గడ్డ మీద పుట్టి, పుట్టిలో ఏరు దాటి మా ఊరికి కోడలుగా వచ్చిందట. చామనచాయట. ఎడమచేతి వాటమట. నూటఎనభై ఏళ్ళ కిందటి మనిషి చేతివాటం తెలిసి పేరు తెలియకపోవడం నాకు చాలాకాలం వింతగా ఉండేది.

తర్వాత ఆలోచిస్తే అందులో వింతేమీ లేదనిపించింది. ఈ జ్ఞాపకం నాకు రక్తసంబంధం గుండా రాలేదు. వంశం అని మనం పిలిచేది మగవాళ్ళ వరస. ఆ వరసలో ప్రతి తరంలోనూ బయటినుంచి ఒక ఆడపిల్ల వచ్చి, తనకంటే ముందు అలాగే బయటినుంచి వచ్చిన ఇంకొకామె పక్కన కూర్చుని పప్పు చెరుగుతూ, పురిటి కాయం తింటూ, తిట్లు తింటూ ఆ ఇంటి కథ నేర్చుకుంటుంది. పాతరమ్మ అత్త నుంచి కోడలికి అలా నడిచొచ్చింది. (మేనరికాల ఇళ్ళలో అత్తగారే మేనత్త కూడా అవుతుంది, అది వేరే లెక్క.) నా ముత్తవ్వల ముత్తవ్వని వెతకడమంటే ఒకరికొకరు ఏమీకాని ఆడవాళ్ళు ఒకే పొయ్యి దగ్గర దాచిపెట్టిన మాటల్ని నమ్మడం.

కాగితాల వైపు వెళ్ళింది అందుకే. నమ్మకం లేక కాదు, పరిశోధన చేసిన బుద్ధి ఊరుకోక.

పల్నాడు కాగితాలకు ఆలస్యంగా ఎక్కిన సీమ. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికొచ్చినా, పల్నాడు ఆర్కాటు నవాబు కింద ఉండిపోయి 1801లో గాని కంపెనీకి రాలేదు. ఉత్తరాన కృష్ణ, ఏరు దాటితే నిజాం రాజ్యం. పడమర నల్లమల. ఇటు నేరం చేసినవాడు అటు దాటేవాడు, అటు శిస్తు కట్టలేనివాడు ఇటు వచ్చేవాడు. ఇలాంటి సరిహద్దు సీమ మీద ప్రభుత్వానికి రెండే ఆసక్తులు: ఎంత వసూలవుతుంది, ఎవరు అల్లరి చేస్తారు. మెకంజీ కోసం సేకరించిన కైఫియతుల్లో గుళ్ళూ, మాన్యాలూ, దొరల వంశాలూ ఉంటాయి. రాబర్ట్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో అచ్చువేసిన గుంటూరు జిల్లా చరిత్ర, 1788 నుంచి 1848 దాకా కలెక్టర్లను కచ్చేరీ ఉద్యోగులు ఎలా చేతిలో పెట్టుకున్నారో చెప్పిన గొప్ప పుస్తకం. దాన్ని రెండుసార్లు చదివాను. అది కచ్చేరీ చరిత్ర. మా పాతర ఉన్నది కచ్చేరీలో కాదు, పెరట్లో.

1816 మార్చిలో పిండారీలు గుంటూరు సీమ మీద పడ్డారు. చరిత్ర పుస్తకాలు ఆ దాడి గురించి ఎత్తి రాసే లెక్క ఇది: 339 గ్రామాలు కొల్లపోయాయి, 182 మంది చనిపోయారు, 505 మందికి గాయాలయ్యాయి, 3,603 మంది చిత్రహింసలు పడ్డారు. ఒక్కరిని కూడా వదలకుండా లెక్కపెట్టినట్టు కనిపించే ఆ అంకెల్లో ఆడవాళ్ళు ఎందరో విడిగా లేదు. గుర్రాల మీద వచ్చిన దోపిడీగాళ్ళు ఊళ్ళమీద పడితే ఆడవాళ్ళకి ఏం జరుగుతుందో మనకు తెలుసు. తెలిసినదాన్ని లెక్క అడగలేదు.

ఇక నందన. 1832-33లో వానలు పోయాయి. గుంటూరు జిల్లాలో ఉన్న అయిదు లక్షల మందిలో రెండు లక్షల దాకా పోయారని అంచనా. మద్రాసు దారి పొడుగునా శవాలు పడి ఉన్నాయని చూసినవాళ్ళు రాశారు. జనం దాన్ని డొక్కల కరువన్నారు. ఆ కరువు చూశాక ప్రభుత్వం కదిలి కదిలి బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టింది, 1855కి పూర్తయింది. ఆ నీళ్ళు డెల్టాకి వెళ్ళాయి. పల్నాటి మెరకకు కృష్ణ నీళ్ళు ఎక్కడానికి నాగార్జునసాగర్ దాకా, 1967 దాకా ఆగాల్సి వచ్చింది. పక్కనే ఏరు పారుతున్న సీమ నూటముప్పై నాలుగేళ్ళు ఆకాశం చూస్తూ కూర్చుంది.

పల్నాట్లో ఆడవాళ్ళ పేర్లు రాసే అలవాటే లేదనుకుంటే పొరపాటు. మాచర్ల దగ్గర, ఇప్పుడు సాగర్ నీళ్ళ మధ్య ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండకు వెళ్ళి చూడండి. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శాసనాల నిండా ఆడవాళ్ళే. మహాచైత్యానికి దానాలిచ్చిన చాంతిసిరి, రాజు చాంతమూలుడి తోబుట్టువు, తర్వాతి రాజు వీరపురుషదత్తుడికి మేనత్త, అత్తగారు కూడా. బోధిసిరి అనే ఉపాసిక తను కట్టించిన వాటి జాబితాతో ఆగకుండా, ఆ పుణ్యంలో పాలు పంచుతూ తన చుట్టాల పట్టిక మొత్తం రాతి మీద చెక్కించింది. పదిహేడు వందల ఏళ్ళ కిందటి ఆడమనిషి వంశవృక్షం ఆమె మాటగా మనకు దొరుకుతుంది. నూటఎనభై ఏళ్ళ కిందటి మా ఇంటామెది దొరకదు. కాలం గడిచినకొద్దీ స్త్రీలు వెలుగులోకి వస్తారన్న నమ్మకం మనలో చాలామందికి లోలోపల ఉంది. పల్నాటి రాళ్ళు దాన్ని ఒప్పుకోవు. చాంతిసిరికి ఇవ్వడానికి ధనం ఉంది, ఇచ్చానని చెప్పుకునే చోటు ఉంది. చోటు పోయినప్పుడు పేరు పోయింది.

పేరు మిగలడానికి మరో దారి కూడా పల్నాడే చూపించింది. నాయకురాలు నాగమ్మ. గురజాల నలగామరాజు మంత్రిగా పన్నెండో శతాబ్దంలో రాజ్యం నడిపిన ఆమెకు, కోడిపందెం నుంచి కారెంపూడి రణరంగం దాకా జరిగినదాని భారమంతా కథలు మోపాయి. అక్కిరాజు ఉమాకాంతం 1911లో పల్నాటి వీరచరిత్రను అచ్చువేసిన నాటినుంచి నాగమ్మ మీద పేజీలకు పేజీలు రాశారు. కార్తీకంలో కారెంపూడిలో వీరుల ఉత్సవం ఈనాటికీ జరుగుతుంది. నింద మోయడానికి ఒక మనిషి కావలసినప్పుడు ఆడపేరు చక్కగా గుర్తుంటుంది. మా పాతరమ్మ నిందకు ఎక్కలేదు కనుకే పేరు పోయిందని నేను ఒక వ్యాసం మొదలుపెట్టాను కూడా.

అది ముగియకముందే మా పెదనాన్నగారి ఇంటి అటకమీద నుంచి ఒక కాగితం కిందికి దిగింది.

జయ నామ సంవత్సరపు పత్రం. నందన, విజయ, జయ. అంటే 1834-35, కరువు దాటిన మరుసటేడు. గొలుసుకట్టు రాత. చదవడానికి నాకు మూడు నెలలు పట్టింది, అదీ కరణీకం చేసిన ఇంట్లో పుట్టిన ఒక పెద్దాయన పక్కన కూర్చుని విడదీస్తే. కరువులో తిన్న జొన్నలు తీర్చలేక ఇద్దరు అన్నదమ్ములు తమ పొలాన్ని మా ఇంటి మగవాడికి దఖలు పరిచారు. వేలిముద్రలు అప్పటికి ఇంకా రాలేదు. కింద రెండు నిశానీలు, వంకర గీతలు. పత్రంలో ఒకచోట, ఆ జొన్నలు ఇంటి ఆడవారి చేత కొలిపించి ఇచ్చినవని ఉంది. ఆమె గురించి నాకు దొరికిన ఒకే ఒక్క రాత అది. పేరు లేదు. చెయ్యి ఉంది. కొలిచిన చెయ్యి.

ఇదే విషయం ఇంకో వైపు నుంచీ విన్నాను. మా ఊరి పల్లెలో ఒక పెద్దామె ఉంది, నేను పెద్దమ్మా అంటాను, ఆమె నన్ను అమ్మాయిగారూ అంటుంది, ఎంత చెప్పినా మానదు. పాతరమ్మ మాట ఎత్తితే నవ్వింది. వాళ్ళ ఇంట్లోనూ ఆ కథ ఉంది. వాళ్ళ కథలో ఆమె ఇచ్చేప్పుడు కుంచాన్ని అంచుకు సమంగా తలగొట్టి ఇచ్చింది, తీసుకునేప్పుడు గోపురంగా పోయించుకుంది. తీర్చలేనివాళ్ళ పిల్లవాడు మా ఇంట్లో గొడ్లకాడ ఉండిపోయాడు. ఎన్నేళ్ళో వాళ్ళు చెప్పుకోరు. "పెట్టింది నిజమే అమ్మాయిగారూ, లేకపోతే మేము లేము" అని కూడా ఆమే అంది.

ఆ పిల్లవాడి తోబుట్టువు పేరు వాళ్ళకు తెలుసు. గుంటూరు కలెక్టరు హెన్రీ స్టోక్స్ ప్రోత్సాహంతో 1842లో గుంటూరులో దిగిన లూథరన్ మిషనరీ హేయర్, 1849లో గురజాలకు మకాం మార్చి పల్నాటి పల్లెల్లో తిరిగాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఆమె ఒకతి. పాత పేరూ కొత్త పేరూ రెండూ ఆ ఇంట్లో నిలిచాయి. ఊళ్ళో భూమి ఉన్న ఇంటి కోడలికి లేని పేరు పల్లెలో భూమి లేని ఆమెకు ఉంది. ఆ పేర్లు నాకు చెప్పింది, నేను ఇక్కడ రాయడం లేదు. అవి వాళ్ళవి.

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇక్కడుంది. పాతర తీసి పెట్టినప్పుడు ఆమెను నేను ఎలా చదివాను? అత్తింటి కట్టుబాట్ల మధ్య తన నిర్ణయం తాను తీసుకున్న స్త్రీగా. కుంచం తలగొట్టినప్పుడు ఎలా చదవబోయాను? ఆ ఇంటి మగవాళ్ళు ఏం చెయ్యమంటే అది చేసిన కోడలుగా, పాపం ఆమె చేతిలో ఏముంది అని. ఒకే ఏడు, ఒకే పాతర, ఒకే చెయ్యి. మంచిపనికి కర్తృత్వం ఆమెది, చెడ్డపనికి పితృస్వామ్యానిది. ఈ పని నేనొక్కదాన్నే కాదు, మనం చాలామందిమి చేస్తున్నాం. మన వ్యాసాల్లో రాణులు, కవయిత్రులు, సంస్కర్తల ఇల్లాళ్ళు ఎందరో ఇలా సగం సగంగా నిలబడి ఉన్నారు.

కర్తృత్వం ఉందంటే రెంటికీ ఉండాలి. లేదంటే పెట్టినదానికీ ఆమెను పొగడకూడదు. ఈ తర్కం కఠినంగా ఉందని ఒక స్నేహితురాలు అంది. కరువులో పాతికేళ్ళు నిండని కోడలికి అంత బరువు పెట్టడం న్యాయమా అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కొలిచిన చెయ్యి ఆమెది, పాతర ఆమెది కాదు. పత్రంలో భూమి మగవాడి పేరనే చేరింది, ఆమె పేరన కాదు. దక్కింది పెత్తనం కాదు, పెత్తనానికి పనిముట్టుగా ఉండే అవకాశం. అయినా కుంచం అంచు మీద తలగొట్టే చెయ్యి కాస్త పైన ఆగవచ్చు, కాస్త కిందికి దిగవచ్చు. ఆ వేలెడు ఎత్తులో ఆమె ఉంది. అంతకుమించి స్వేచ్ఛ ఆమెకు ఉందని నేను అనను. అంత కూడా లేదనడం ఆమెను మళ్ళీ చెరిపెయ్యడమే.

సైదియా హార్ట్‌మన్ 2008లో, బానిస ఓడల కాగితాల్లో రెండు ముక్కలుగా మాత్రమే కనిపించే ఆడపిల్లల గురించి రాస్తూ, ఆ ఖాళీని కల్పనతో నింపవచ్చా, నింపితే మళ్ళీ హింస చేసినట్టవుతుందా అని అడిగింది. మన దగ్గర స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు బతికి ఉన్నారు, ప్రశ్న అడిగితే ఎదురు ప్రశ్న వెయ్యగలరు. నా చేతిలో ఉన్నామె ఎదురు చెప్పలేదు. హార్ట్‌మన్ ప్రశ్నను నేను అలాగే తీసుకోలేనని కూడా తెలుస్తోంది. ఆమె వెతికినవాళ్ళు ఓడ అడుగున ఉన్నవాళ్ళు. మా పాతరమ్మ ఓడ పైనా కాదు, అడుగునా కాదు. అడుగున ఉన్న బాలుడికి కొలిచి పోసిన మనిషి. ఆమె మౌనాన్ని నా ఊహతో నింపితే ఆ బాలుడి మాట మీద మన్ను పోసినట్టు. అందుకని ఆమె ఏం ఆలోచించిందో నేను రాయను. చేతులు ఏం చేశాయో మాత్రం రాస్తాను.

ఇదంతా పండితచర్చగా మిగిలేది, మా వాళ్ళు వంశావళి పుస్తకం వెయ్యాలనుకోకపోతే. పాతరమ్మ మీద రెండు పేజీలు నన్ను రాయమన్నారు, డాక్టరేటు ఉన్నది నాకే కనుక. ఆ డాక్టరేటు సంగతీ చెప్పాలి. జయ సంవత్సరంలో చేరిన ఆ పొలానికి సాగర్ కుడికాలువ నీళ్ళొచ్చాయి, మిరపా పత్తీ పండాయి, నన్ను హైదరాబాదులో చదివించడానికి మా నాన్న అమ్మింది అందులో ఒక ఎకరం. నేను రాసే వాక్యం ఖరీదు నాకు తెలుసు. రెండు పేజీల్లో పెట్టినదీ రాశాను, తలగొట్టినదీ రాశాను. రెండో పేజీ తీసేద్దామమ్మా, శుభమా అని పుస్తకం వేసుకుంటుంటే అన్నారు పెదనాన్నగారు. తీస్తే రెండూ తీసెయ్యండి అన్నాను. ఆయన కోప్పడలేదు. పుస్తకం ఆగింది. వృక్షంలో ఆమె గడి ఎలాగూ ఖాళీయే, భార్య అని మాత్రం ఉంది.

పల్లెలో పెద్దమ్మ మాత్రం వేరే సంగతి అడిగింది. పత్రం చదివి వినిపిస్తున్నప్పుడు, చెక్కుబందీ దగ్గర నన్ను ఆపింది. తూర్పు ఫలానా వారి చేను, ఉత్తరం డొంక, దక్షిణం మాల మాన్యం. మళ్ళీ చదవమంది. వెట్టిచాకిరీకి పల్లెకిచ్చిన మాన్యం అక్కడ ఉండేదని వాళ్ళు చెప్పుకుంటారే గాని చూపించడానికి కాగితం లేదు. ఇప్పుడా దక్షిణపు చేను ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఆమె మనవడు న్యాయశాస్త్రం చదువుతున్నాడు. ఆ కాగితానికి నకలు కావాలంది. నరసరావుపేటలో రెండు నకళ్ళు తీయించి, నా చదువు పాఠం కూడా తేటగా రాసి జతచేసి, ఒకటి ఆమెకిచ్చాను, ఒకటి పెదనాన్నగారికి పంపాను, మొదటిది ఎవరికిచ్చానో కవరు మీద రాసి.