ముందే టిక్కు పెట్టిన గడి

మా చిన్న యారాలు బాటసింగారంలో ఉంటుంది. ఎల్.బి.నగర్, హయత్‌నగర్ దాటి విజయవాడ హైవే మీద పోతే వస్తుంది ఆ ఊరు. కొత్తపేటలో ఉండే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌ని 2021లో ఖాళీ చేయించి అక్కడి లాజిస్టిక్స్ పార్కుకి తరలించాక, కమీషన్ దుకాణంలో గుమాస్తాగా ఉన్న మా మరిది కాపురాన్ని కూడా అక్కడికే మార్చాడు. మా అత్తమ్మ వాళ్ల దగ్గరే ఉంటుంది. వాళ్లకి ఇద్దరూ ఆడపిల్లలే. ఇంట్లో ఉన్నది ఒకటే స్మార్ట్‌ఫోన్. మరిది తెల్లవారకముందే మార్కెట్‌కి పోయి మధ్యాహ్నం వచ్చి పడుకుంటాడు. ఆయన నిద్రపోయే ఆ రెండు గంటలే ఫోన్ ఆమెది. సాయంత్రం పిల్లలది, ఆ తర్వాత అత్తమ్మ భజనలది.

ఆ చుట్టుపక్కల కాలనీల కోసం ఒక వెబ్‌సైటు ఉంది. అద్దె ఇళ్లు, ట్యూషన్లు, నీళ్ల ట్యాంకర్ల నంబర్లు, ఆస్పత్రుల జాబితా అన్నీ ఉంటాయి. ఇంట్లో మూడో కాన్పు మాట మొదలైంది, ఈసారైనా కొడుకు అంటూ. కాపర్-టి ఎక్కడ వేస్తారు, ఎంతవుతుంది, భర్త సంతకం అడుగుతారా అన్నది ఆమె తెలుసుకోవాలనుకుంది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను పక్కన కూర్చున్నాను. సైటు తెరవగానే కింద ఇంగ్లీషులో ఒక పట్టీ వచ్చింది. మీకు మెరుగైన అనుభవం కోసం కుకీలు వాడుతున్నాం, ముందుకు వెళితే ఒప్పుకున్నట్టే అని దాని సారాంశం.

"అక్కా, గిదేందో అడుగుతుంది. ఏం జెయ్యాలె?"

"ఏం కాదు, నొక్కెయ్" అన్నాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. చెయ్యి చాపి నేనే నొక్కేశాను.

కావలసినవి నాలుగు పేజీలు చదివింది. తర్వాత హిస్టరీలోంచి ఆ నాలుగింటిని మాత్రం తీసేయడం నేర్పాను. మొత్తం తుడిచేస్తే అనుమానమొస్తుందని అంత తెలివిగా ఆలోచించాను కూడా. "ఇక ఎవరికీ తెలీదు" అని, పీహెచ్‌డీ చేసిన గొంతుతో, హామీ ఇచ్చాను.

నాలుగో రోజో అయిదో రోజో, మరిది వార్తలు చదువుతుంటే మధ్యలో గర్భనిరోధక సాధనాల ప్రకటన వచ్చింది. తీసేస్తే ఇంకో పేజీలో మళ్లీ వచ్చింది. సాయంత్రం అత్తమ్మ చూసింది. రాత్రి నాకు ఫోన్. "గివన్నీ మా ఇంట్ల ఎవలు జూస్తున్రు?"

సిగ్గుపడి అప్పుడు చదివాను కుకీల గురించి. ఒకరి ఆత్మకథలో ఏ వాక్యం ఎందుకు మౌనంగా ఉందో పేజీలకి పేజీలు రాసినదాన్ని, రోజుకి పదిసార్లు నొక్కే బొత్తాం మీద ఏముందో ఎన్నడూ చదవలేదు. వెబ్‌కి పుట్టుకతోనే మతిమరుపు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి వెళితే మనం మళ్లీ కొత్తవాళ్లమే. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ప్రోగ్రామరు దీనికొక ఉపాయం చేశాడు. సైటు ఒక చిన్న చీటీ రాసి మన బ్రౌజర్ చేతికిస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు బ్రౌజర్ దాన్ని చూపిస్తుంది. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణం గుమ్మంలో సంచి ఇచ్చి టోకెన్ తీసుకుంటాం కదా, అలాంటిది. ఇది లేకపోతే లాగిన్ నిలవదు, కొనదలిచిన వస్తువుల బుట్ట నిలవదు. ఇంతవరకు తప్పేమీ లేదు.

చిక్కల్లా మూడో మనిషితో. పేజీలో ప్రకటనకి చోటు కొన్న కంపెనీ కూడా తన టోకెన్ తాను ఇవ్వగలదు. అదే కంపెనీ వందల దుకాణాల గుమ్మాల్లో నిలబడి, ప్రతిచోటా మన టోకెన్ నంబరు చూసి ఒకే పుస్తకంలో రాసుకుంటుందనుకోండి. మన పేరు దానికి అక్కర్లేదు. ఈ నంబరు గలవాళ్లు ఆస్పత్రుల పేజీలో ఆగారు, కాపర్-టి గురించి చదివారు అన్నది చాలు. హిస్టరీ మన డైరీ. మేము డైరీలో కాగితం చింపాం. టోకెన్ ఫోన్లోనే ఉండిపోయింది. ఆ ప్రకటన కచ్చితంగా ఏ చీటీ వల్ల వచ్చిందో నేను రుజువు చేయలేను. కానీ దారి ఇదే అయ్యుంటుందని నమ్ముతున్నాను.

ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఇంజినీర్లు 1997లోనే ఈ మూడో మనిషి చీటీలను, వాడేవాళ్లు కోరితే తప్ప, అనుమతించవద్దన్నారు. బ్రౌజర్ కంపెనీలు వినలేదు. సఫారీ 2020లో వాటిని పూర్తిగా ఆపింది. క్రోమ్ ఆపుతానని అదే ఏడాది ప్రకటించి, ఏళ్లు నాన్చి, 2024లో మాట వెనక్కి తీసుకుంది. మన ఇళ్లలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఏ బ్రౌజరో వేరే చెప్పాలా?

నన్ను ఎక్కువగా ఆపింది మాత్రం ఆ పట్టీ మీది వాక్యం. ముందుకు వెళితే ఒప్పుకున్నట్టే. దీన్ని మనం ఇంటర్నెట్‌లో నేర్చుకోలేదు. పెళ్లిచూపుల్లో తల వంచుకుని కూర్చున్న పిల్లని చూసి మౌనం అర్ధాంగీకారం అన్నవాళ్ల భాష ఇది. మిగతా సగం ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగరు. వద్దంటే తర్వాత ఎదురయ్యేవన్నీ ఆ పిల్ల కళ్లముందు పెట్టి, ఆ తర్వాత ఇష్టమేనా అని అడుగుతారు.

యూరప్‌లో ఇది కోర్టు దాకా వెళ్లింది. ప్లానెట్49 అనే కంపెనీ ఆన్‌లైన్ లాటరీ పెట్టి, కుకీలకు ఒప్పుకుంటున్నానన్న గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచింది. వద్దనుకునేవాళ్లే దాన్ని తీసేయాలి. అది సమ్మతి కాదని 2019 అక్టోబర్ 1న యూరోపియన్ న్యాయస్థానం తేల్చింది. మనిషి ఏమీ చేయకపోవడాన్ని అవునుగా లెక్కపెట్టకూడదన్నది దాని తాత్పర్యం. 2022 జనవరిలో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ గూగుల్‌కి 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కి 6 కోట్ల యూరోలు జరిమానా వేసింది. అవుననడానికి ఒక్క నొక్కుడు చాలు, కాదనడానికి మాత్రం అనేకం కావాలి, ఇదీ నేరం. ఆ వార్త చదువుతూ నవ్వొచ్చింది. కాదనడం కష్టంగా ఉంచినందుకు జరిమానా వేయడం మొదలుపెడితే మన కుటుంబాల్లో ఎన్ని మిగులుతాయి?

మనకీ చట్టం వచ్చింది. గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఆరేళ్లకి, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం చేశారు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. సమ్మతికి సంబంధించిన ముఖ్యమైన సెక్షన్ల అమలుకి పద్దెనిమిది నెలల గడువిచ్చారు. సమ్మతి స్వేచ్ఛగా, స్పష్టంగా, విషయం తెలిసి ఇచ్చినదై ఉండాలట. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలట. మంచి మాటలే. కానీ అదే చట్టం, ఒక వ్యక్తి సొంత అవసరానికో గృహావసరానికో వాడుకునే డేటా తన పరిధిలోకి రాదంటుంది. లేకపోతే అమ్మ ఫోన్ నంబరు రాసిపెట్టుకోవడం కూడా నేరమవుతుంది కాబట్టి, కారణం నాకు అర్థమవుతుంది. అయినా చూడండి, చట్టం మళ్లీ గడప దగ్గరే ఆగింది. కంపెనీ నుంచి నన్ను కాపాడే చట్టం ఉంది. ఆ కంపెనీ ఆరా తీసినదాన్ని నా ఇంట్లోవాళ్లు చదివితే ఎవరిదీ తప్పు కాదు. ఒక ఫోన్ అంటే ఒక మనిషి అనుకుని రాసిన చట్టమది. మా యారాలి ఫోన్లో అయిదుగురున్నారు.

19వ శతాబ్దపు బెంగాల్‌లో రాససుందరీ దేవి చైతన్య భాగవతంలోంచి ఒక కాగితం తీసి వంటింట్లో దాచుకుని దొంగతనంగా చదవడం నేర్చుకుంది. ఎం.ఏ. పిల్లలకు ఆ ఘట్టం చెప్పేటప్పుడు ఆమె ధైర్యం గురించే మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఆ కాగితం గురించి ఆలోచిస్తున్నాను. తనను ఎవరు చదివారో అది ఎవరికీ చెప్పలేదు.

ఇక ఇప్పటిదాకా చెప్పకుండా దాటేసింది ఒకటుంది. ఆ రాత్రి అత్తమ్మ అడిగినప్పుడు నేనేమన్నానో.

"నేనే చూశాను అత్తమ్మా. ఆదివారం నా ఫోన్లో చార్జింగ్ లేకపోతే దాంట్లో చూసుకున్నాను" అన్నాను. కుకీకి ఫోన్ తెలుసు, వేలు తెలియదు. ఆ సందులోంచి అబద్ధం సులువుగా దూరింది. "చదువుకున్నోళ్లు, మీ ఇష్టం" అని అత్తమ్మ నిష్ఠూరంగా పెట్టేసింది. గొడవ ఆగింది. ఆమెను కాపాడానని నాకు గర్వంగా కూడా అనిపించింది.

తర్వాతి ఆదివారం వెళ్లేసరికి యారాలు ముభావంగా ఉంది. టీ ఇచ్చింది, మాట్లాడలేదు. పోయేటప్పుడు గేటు దగ్గర అంది. "నేనే చెప్పేదాన్ని గదక్కా. రెండు దినాలు సంది మనసుల అనుకుంటనే ఉన్న, ఎట్ల మొదలువెట్టాలె అని. అడిగిన్రు, చెప్పేదాన్ని. నువ్వు నన్నొక్కమాట అడగకపోతివి."

ఆమె చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు భయమే. దెబ్బలు తినే ఇంట్లో ఎవరైనా ఇలా అబద్ధమాడితే నేను తప్పుపట్టను. కానీ అది అలాంటి ఇల్లు కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. ఆమె ధైర్యం కూడగట్టుకుంటోందేమోనన్న ఊహే నాకు రాలేదు. మొదటిసారి ఆమె చదువుతుండగా అవును నొక్కాను. రెండోసారి ఆమె నోరు తెరవకముందే కాదు నొక్కాను. రెండుసార్లూ ప్రేమతోనే. పెళ్లిచూపుల్లో పెద్దవాళ్లు చేసేదీ ప్రేమతోనే అంటారు.

మొన్న వెళ్లినప్పుడు ఫోన్ ఆమె చేతిలోనే ఉంచి, సెట్టింగుల్లో కుకీలు ఎక్కడుంటాయో, మూడో మనిషి చీటీలను ఎలా ఆపాలో, ఇన్‌కాగ్నిటో కిటికీ మూయగానే అందులోని చీటీలు ఎలా పోతాయో చెప్పాను. ఇన్‌కాగ్నిటో వాడినా చూసిన సైటుకీ, నెట్ ఇచ్చే కంపెనీకీ కనబడతామని కూడా చెప్పాను, ఈసారి హామీలేవీ ఇవ్వకుండా. ఒక సైటులో మళ్లీ ఆ పట్టీ వచ్చింది. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. నా వేళ్లు ఊరుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చాలాసేపు పట్టింది.

ఈ వ్యాసం రాస్తానని ఆమెను అడిగాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి సరేనంది. రాసినది చదివి వినిపిస్తే రెండు సంగతులు తీసేయమంది, తీసేశాను. కాపర్-టి సంగతి ఏమయిందో నాకు చెప్పింది. అది రాయొద్దంది.