గండి ఎక్కడ పడుతుంది?

గండికోట దగ్గర పెన్న ఎర్రమల కొండలను కోసుకుపోయిన చోటు ఒక్క రాతి వల్ల ఏర్పడలేదు. ఒక్క నీటి వల్లా ఏర్పడలేదు. మనిషి మనసుకు గండి పడినప్పుడు మాత్రం యీ సంగతి మరచిపోతాం. కొందరు "రక్తంలో వుంది" అంటారు. కొందరు "సంఘం తెచ్చిన జబ్బు" అంటారు. నేను రెండవ పక్షంవాణ్ణి. నా పక్షపాతం వల్ల ఒక కుర్రవాడికి జరిగిన నష్టాన్ని ఒప్పుకోవటానికే యీ వ్యాసం.

అతడు నా విద్యార్థి. 26.85 టి.ఎం.సీ.ల గండికోట జలాశయంలో 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వంటి వూళ్లు ఖాళీ అయినాయి. అట్లా అద్దె ఇంటికి చేరిన కుటుంబం వాళ్లది. కొంతకాలానికి ఎవరూ లేనిచోట అతనికి మాటలు వినిపించసాగాయి. ఎవరో వెంటాడుతున్నారని నిద్ర మానాడు. తండ్రి నా దగ్గరకు వచ్చి, "మా బామ్మర్దికి గూడా వయసులో ఇట్లే అయింది సార్. ఇది వంశంలో వుండేదా?" అని అడిగాడు.

"వంశమూ లేదు, ఏమీ లేదు. వూరు పోయిన దిగులు ఇది. పరిహారం, వుద్యోగం వస్తే తగ్గుతుంది" అన్నాను.

ఆయన నమ్మాడు. చదువుకున్నవాణ్ణి గదా! వైద్యం లేకుండా ఎనిమిది నెలలు గడిచాయి. వైద్యం ఆలస్యమైన కొద్దీ కోలుకోవటం కష్టమని నాకు తరువాత తెలిసింది.

స్కిజోఫ్రీనియా గురించి జూబిన్, స్ప్రింగ్ అనే శాస్త్రజ్ఞులు 1977లో ఒక సిద్ధాంతం చెప్పారు. జబ్బుకు లొంగే గుణం అందరిలోను ఎంతోకొంత వుంటుంది, కొందరిలో ఎక్కువ. బతుకు ఒత్తిడి ఆ మనిషి తాళగల హద్దు దాటితే జబ్బు బయటపడుతుంది. అంతా రక్తమే అయితే, ఒకే అండం నుంచి పుట్టిన కవలలలో ఒకరికి వచ్చిన జబ్బు రెండవవారికి తప్పక రావాలి. వచ్చేది దాదాపు సగం జంటలలో, లేదా అంతకన్న తక్కువ. సంబంధం లేని వారితో పోలిస్తే అది ఎన్నో రెట్లు ఎక్కువే. కనుక రక్తం మాట అబద్ధం కాదు. రక్తమే సర్వస్వమన్న మాట నిజం కాదు.

రక్తం పేరెత్తితే మన మిత్రులు వులిక్కిపడటానికి కారణం లేకపోలేదు. నాజీలు 1933లో చట్టం చేసి యీ రోగులకు బలవంతంగా సంతానం లేకుండా చేశారు. తరువాత వేలమందిని చంపారు. అయితే నాజీలు వక్రీకరించారని జీవశాస్త్రాన్నే వదులుకునేవాడు భౌతికవాది ఎట్లా అవుతాడు? మెదడు కూడా పదార్థమే గదా!

చివరకు మందుతో మాటలు తగ్గాయి. పని అయిపోయిందనుకున్నాం. ఇంట్లో అదే ఇరుకు, అదే అప్పు, "తిని కూర్చున్నావు" అనే అదే దెప్పిపొడుపు. మందు మింగుతుండగానే జబ్బు తిరగబెట్టింది. దెప్పిపొడుపులు ఎక్కువగా వున్న ఇళ్లకు వెళ్లిన రోగులకు జబ్బు తిరగబెట్టటం ఎక్కువని, లండన్‌లో జార్జి బ్రౌన్ బృందం 1950లలో మొదలుపెట్టిన పరిశోధన తేల్చింది. ఇందుకు తల్లిదండ్రులను నిందించి లాభం లేదు. ఆ దెప్పిపొడుపు వెనుక అప్పులవాడు నిలబడి వున్నాడు.

మా సీమలో చెరువు నిండితే, కట్ట బలహీనమా, వాన ఎక్కువా అని వాదిస్తూ కూర్చునే వూరు వుండదు. బలహీనమైన చోట మట్టి వేస్తారు; తూము ఎత్తుతారు; నీరుగంటి రాత్రంతా కట్టమీద తిరుగుతాడు. మందు ఆ మట్టి. ఇల్లు, పని, పరిహారం, ఆదరణ ఆ తూము. రెంటిలో ఏది మానినా కట్ట తెగుతుంది.

"అతనిది పుట్టుబలహీనత, మా బాధ్యత ఏముంది?" అనేవారికి నా జవాబు ఒక్కటే. కట్ట బలహీనమని తెలిసికూడా నీరు నిలిపినవాడి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్సను హక్కు చేసింది, గొలుసులతో కట్టటాన్ని నిషేధించింది. ఆ హక్కు గడప దాకా రావటానికి పోరాడవలసిందే. పోరాడేవాడు ముందు రోగిని వైద్యుడి దగ్గరకు తీసుకుపోవాలి. నేను ఆ పని ఎనిమిది నెలలు ఆలస్యంగా చేశాను.